నలపాకం... భీమపాకం... తాటిపాక!

మన సినిమాల్లో హోటలు ఎందుకుంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? తినడానికి మాత్రం కాదు! రౌడీలొస్తారు, కాఫీ కప్పులు ఎగురుతాయి, బల్లలు విరుగుతాయి, సాంబారు వెళ్ళి గోడకి అంటుకుంటుంది, హీరో చేతులు దులుపుకుని వెళ్ళిపోతాడు. బిల్లెవరు కట్టారో ఏ దర్శకుడూ చూపించడు. అదీ కాకపోతే హీరో హీరోయిన్లు ఒకే కూల్‌డ్రింకులో రెండు స్ట్రాలు వేసుకుని, ఒక గుక్కయినా తాగకుండానే పాటలోకి జారిపోతారు. తీరుబడిగా అన్నం తినే మనిషిని చూపించిన సినిమాలు వేళ్ళ మీద లెక్క. 1957లో 'మాయాబజార్' వచ్చింది. ఎస్వీ రంగారావు గారు ఆ గంగాళాల ముందు చతికిలబడ్డప్పటి నుంచి ఈనాటి దాకా ఆ తిండికి సాటి వచ్చిన తిండి మన తెర మీద లేదంటే ఎవరూ కాదనరు. ఆకలి సంగతైతే 1981 నాటి 'ఆకలి రాజ్యం' ఒక్కటి చాలు. ఖాళీ కంచాల ముందు భోంచేస్తున్నట్టు నటించే ఆ కుర్రాళ్ళని చూశాక నాకు ఆ పూట అన్నం సయించలేదు.

ఈ రెండు సినిమాలకీ మధ్య ఎక్కడో ఉంటుంది మా ఊరి హోటలు. ఇవాళ దాని గురించే నా అభిప్రాయాలు.

అభిప్రాయాలు చెప్పడానికి నువ్వెవడివోయ్ అంటారా? నేను వంటవాణ్ణి కాను. బి.కాం. చదివి, పత్రికలకి విడిగా రాసుకుంటూ బతికే విలేఖరిని. ఏ ఒక్క పత్రికా నన్ను పోషించదు, అన్నీ కలిసి పస్తుండనివ్వవు. ముప్ఫై ఆరేళ్ళ వయసులో సుమారు పదిహేడేళ్ళు హోటలు అన్నం మీద పెరిగినవాణ్ణి. హోటలు భోజనం చాలామందికి సరదా, నాకు అది ఇల్లు. ఎందుకలా అయిందో తర్వాత చెబుతాను. ముందు తినాల్సినవి తినేద్దాం.

మాది తాటిపాక. రాజోలు పక్కనే. అమలాపురం నుంచి రాజోలు వైపు వెళ్ళే బస్సులూ, గన్నవరం మీదుగా రావులపాలెం వెళ్ళే బస్సులూ ఆగి ఊపిరి పీల్చుకునే సెంటరు. ఊరి పేరులోనే పాక ఉంది. తాటాకుల పాక అనుకున్నా సరే, వంట అనే అర్థంలో పాకం అనుకున్నా సరే! నలపాకం, భీమపాకం, ఆ తర్వాత తాటిపాకం అని మావాళ్ళు సరదాకి అంటుంటారు. అన్నట్టు ఇక్కడికి దగ్గర్లోది పాశర్లపూడి. దర్శకుడు వంశీ గారి కథల్లోది పసలపూడి, అది రామచంద్రపురం వైపు ఊరు. హైదరాబాదు నుంచి వచ్చిన మిత్రుడొకడు బోర్డు చూడగానే బండి ఆపించి "ఇదేనా ఆ కథల ఊరు?" అని ఫోటో తీసుకున్నాడు. కాదని చెప్పడానికి నాకు మనసొప్పలేదు. కథల్లో చదివిన తిళ్ళన్నీ వరసగా అడుగుతూనే ఉన్నాడు పాపం, మధ్యాహ్నం రెండయింది, ఆకలి మీదున్నాడు.

నిజానికి మా కోనసీమలో హోటలన్నది పెద్ద గౌరవమైన మాటేం కాదు ఒకప్పుడు. 'అన్నం అమ్ముకు బతుకుతున్నాడు' అంటే తిట్టు. గన్నవరం దగ్గర లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారని ఉండేవారు. 1841లో పుట్టి 1909లో పోయారు. ఏ వేళప్పుడు ఎవరొచ్చినా అన్నం పెట్టిన తల్లి. ఆవిడ ఒకసారి అంతర్వేది స్వామి దర్శనానికి పడవలో వెళుతుంటే, దారిలో ఎవరో బాటసారులు "సీతమ్మ గారింటికి చేరితే గానీ అన్నం దొరకదు" అనుకోవడం విని, పడవ వెనక్కి తిప్పించి, వాళ్ళ కంటే ముందే ఇల్లు చేరి వండి పెట్టారని కథగా చెప్పుకుంటారు. గన్నవరం దగ్గర వైనతేయ మీద 2000లో వచ్చిన కొత్త అక్విడక్టుకి ఆవిడ పేరే పెట్టారు. ఈమధ్య, 2024లో, ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే. అలాంటి సీమలో అన్నానికి వెల కట్టి గల్లాపెట్టె ముందు కూర్చోవడమంటే ఎంత చిన్నతనంగా చూసేవారో ఊహించుకోండి.

అయితే ఇంకో వైపు కూడా చూడాలి. ఇళ్ళల్లో పెట్టే అన్నానికి పంక్తి ఉండేది. ఎవరి పంక్తిలో ఎవరు కూర్చోవచ్చో, ఎవరు వీధి అరుగు దగ్గరే ఆగాలో లెక్కలుండేవి. హోటలు బల్ల ఆ లెక్కల్ని మెల్లగా చెరిపేసింది. ఒక్కరోజులో కాదు. బయట వేరే బల్ల, వేరే గ్లాసు ఉన్న హోటళ్ళ సంగతి పెద్దవాళ్ళు చెబితే విన్నాను. ఆ కథ చెప్పేటప్పుడు వాళ్ళ గొంతు మారిపోవడం కూడా చూశాను. కానీ చివరికి సినిమా హాల్లో నేల టిక్కెట్టు చేసిన పనే హోటలు బల్ల కూడా చేసింది. డబ్బులిచ్చినవాడికి ఆకు వేశారు. అందుకని అన్నం అమ్మడం తప్పనే మాట నేను ఒప్పుకోను.

ఇక సరాసరి ఉదయం టిఫిన్లలోకి.

కొబ్బరి సీమలో పుట్టినవాడిగా నా మొదటి ఫిర్యాదు చట్నీ మీద. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు మాకు కూతవేటు దూరం. అక్కణ్ణుంచి లారీల కొద్దీ కొబ్బరికాయ దేశం నలుమూలలకీ పోతుంది. మా హోటల్లో ఇడ్లీ పక్కన పడే చట్నీలో మాత్రం కొబ్బరి కంటే పుట్నాలపప్పే ఎక్కువ! కాయ రేటు పెరిగింది బాబూ అంటారు. పెరిగితే నాలుగు రూపాయలు ఎక్కువ తీసుకోండి, ఇచ్చుకుంటాం. సముద్రం ఒడ్డున ఉప్పు లేదనిపించుకోవడం ఎందుకు? ఇందులో రైతుది పెద్ద లాభమూ లేదు, హోటలాయనదీ లేదు. మధ్యలో ఎక్కడో జారిపోతోంది కొబ్బరి రుచి.

అంబాజీపేట అన్నాను గనుక పొట్టిక్కల సంగతి చెప్పకపోతే పాపం తగులుతుంది. పనసాకుల్ని పుల్లలతో కుట్టి బుట్టల్లా చేసి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు విప్పుతుంటే వచ్చే ఆ పనసాకు వాసన ఉందే... అదే సగం రుచి. స్టీలు ప్లేటులో ఉడికిన ఇడ్లీకి ఆ వాసన ఏ జన్మలోనూ రాదు. అయితే ఒక హెచ్చరిక. పొట్టిక్క వేడిగా ఉండగానే తినాలి. పార్సిలు కట్టించుకుని ఇంటికి తీసుకెళ్ళి తింటానంటే అది రెండో వారం నడుస్తున్న ఫ్లాపు సినిమా లాంటిది, బొమ్మ ఉంటుంది గానీ జనం ఉండరు.

దిబ్బరొట్టి విషయంలో నేను ఎవరి మాటా వినను. మినప్పిండిని మందపాటి మూకుట్లో పోసి, మూత మీద కూడా నిప్పులు పెట్టి, తీరుబడిగా కాల్చాలి. పైన ఎర్రగా పెచ్చు కట్టాలి, లోపల దూదిలా ఉండాలి. పక్కన చెరకు పానకం. గ్యాసు పొయ్యి మీద నాన్‌స్టిక్ పెనంలో పది నిమిషాల్లో కాల్చి ఇదే దిబ్బరొట్టి అంటే నేను ఒప్పుకోను గాక ఒప్పుకోను. దానికి ఇంకేదైనా పేరు పెట్టుకోండి. మా వైపు ఇప్పటికీ ఒకరిద్దరు నిప్పుల మీదే కాలుస్తున్నారు, వాళ్ళ దగ్గర ఉదయం ఎనిమిది దాటితే దొరకదు. సెకండ్ షో చూసి పొద్దెక్కాక లేచే సినీ ప్రియులు అలారం పెట్టుకోవాలి మరి!

పూరీలోకి బొంబాయి చట్నీ, పెసరట్టులోకి అల్లం పచ్చడి, ఇవి మా వైపు బాగానే నడుస్తున్నాయి. కాఫీ గురించి రాయను. మా సెంటర్లో టీ తాగండి.

టీ అంటే ఒకటి గుర్తొచ్చింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున మా పక్కనే నాగారంలో గ్యాసు పైపులైను పేలి ఇరవై మందికి పైగా పోయారు. కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయాయి. ఆ తర్వాత చాలారోజుల పాటు, చీకట్లో లేచి పొయ్యి వెలిగించే టీ కొట్టాయన అగ్గిపుల్ల గీయబోతూ ఒక్క క్షణం ఆగి గాలి వాసన చూడటం నేను కళ్ళారా చూశాను. అంతకు ముందు 1995 జనవరి 8న పాశర్లపూడిలో చమురు బావి అంటుకుని అరవై అయిదు రోజులు మండింది. ఆ వెలుగులో రాత్రిళ్ళు దీపం లేకుండా అన్నాలు తిన్నామని పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. గ్యాసు, చమురు మా కాళ్ళ కిందే ఉన్నాయి. 2001లో ఓఎన్జీసీ వారి చిన్న రిఫైనరీ కూడా ఇక్కడే వచ్చింది. దాంతోపాటు ఉత్తరాది నుంచి ఉద్యోగులొచ్చారు, వాళ్ళ వెంట చపాతీ, దాల్ వచ్చాయి. మా సెంటర్లో ఆలూ పరోటా దొరకడం వెనక భూగర్భ శాస్త్రం ఉందండోయ్!

ఇక భోజనం. సినిమా పత్రికలో రాస్తున్నాను గనుక తారాగణం ముందు చెప్పేస్తాను. ముద్దపప్పంటే రేలంగి గారు. నున్నగా, నిండుగా, ఎవరి పక్కన కూర్చోబెట్టినా నవ్వుతూ ఒదిగిపోతుంది. అప్పడం రమణారెడ్డి గారు. మనిషి సన్నం, చప్పుడు ఎక్కువ. ఆవకాయ సూర్యకాంతం గారు, చూస్తే హడలు, లేకపోతే కథ నడవదు! (ఆ మహాతల్లి మా కాకినాడ దగ్గరి మనిషే. తెర మీద కోడళ్ళని ఏడిపించినా, షూటింగుకి ఇంటి నుంచి క్యారేజీలు పట్టుకెళ్ళి పదిమందికీ వడ్డించిందని ఆనాటి నటీనటులంతా చెప్పుకున్న సంగతి.) చారు మాత్రం గుమ్మడి గారు. ఆయన సరిగ్గా లేకపోతే ఎంత పెద్ద హీరో ఉన్నా సినిమా నిలబడదు. అందుకే నా పరీక్ష ఒక్కటే. కొత్త హోటలుకి వెళితే కూరలు చూడను, చారు పోయమంటాను. కూరలు నూనెతో, మసాలాతో మభ్యపెట్టగలవు. చారుకి దాక్కునే చోటు లేదు. చింతపండు పాతదా కొత్తదా, మిరియం పొద్దున దంచిందా పొట్లంలోదా, పోపు ఎవరు పెట్టారు, వాళ్ళు ఆ పూట ఎలాంటి మనసుతో ఉన్నారు... అన్నీ చెప్పేస్తుంది.

ఈమధ్య మా చుట్టుపక్కల హైవే మీద ఏసీ ఫ్యామిలీ రెస్టారెంట్లు బాగా లేచాయి. చించినాడ వంతెన, బోడసకుర్రు వంతెన వచ్చాక పంటుల మీద గోదావరి దాటే రోజులు పోయి, కార్లు రయ్యిమని వస్తున్నాయి గదా, కార్లొస్తే రెస్టారెంట్లొస్తాయి. నేను వాటికి వ్యతిరేకిని కాను. కుటుంబంతో వచ్చినవాళ్ళకి చల్లగా కూర్చునే చోటు కావాలి. ఆడవాళ్ళకి శుభ్రమైన బాత్‌రూము కావాలి, మా పాత హోటళ్ళలో ఇప్పటికీ అది లేదు, సిగ్గుపడాల్సిన సంగతి. కానీ అలాంటి ఒక చోట, పేరు అనవసరం, మెనూలో 'కోనసీమ స్పెషల్ పనసపొట్టు కూర' అని చూసి ఆశపడి ఆర్డరిచ్చాను. వచ్చింది. అందులో జీడిపప్పు ఉంది, మీగడ ఉంది, కొత్తిమీర దండ కట్టినట్టుంది. ఆవ లేదు! ఆవ పెట్టకుండా పనసపొట్టా? సర్వరు కుర్రాణ్ణి పిలిచి అడిగితే "ఆవేంటి సార్?" అన్నాడు. ఆ అబ్బాయి ఒడిశా నుంచి వచ్చాడు, వంటాయన బెంగాలు. వాళ్ళనేమనగలం? వాళ్ళమ్మ వండే కూరలు వాళ్ళకి తెలుసు. మనం వాటిని అడగం, వాళ్ళు మనవి వండలేరు, మధ్యలో పనీర్ బటర్ మసాలా ఇద్దరికీ రాజీ. మా సీమలో ఇళ్ళల్లో వండేవి, కంద బచ్చలి, అరటిపువ్వు, చింతచిగురులో ఎండురొయ్యలు, హోటలు మెనూ కార్డుకి ఎక్కవు. ఇవి అందరిళ్ళల్లో ఉండేవే గదా, డబ్బిచ్చి ఎవడు తింటాడని హోటలాయన ధీమా. కానీ ఇళ్ళల్లో వండేవాళ్ళు ఉన్నారా? అది అసలు ప్రశ్న. దానికే వస్తున్నాను, ముందు పులస సంగతి తేల్చేయనివ్వండి.

పుస్తెలమ్మి అయినా పులస తినాలని సామెత. సముద్రంలో తిరిగే ఇలస, వరదల వేళ ఎర్రనీళ్ళకి ఎదురీది గోదావరిలోకి గుడ్లు పెట్టడానికి వస్తుంది. ఆ ఈతలోనే దాని రుచి మారిపోయి పులస అవుతుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా సందడి. యానాం వేలంలో ఒక్క చేప ఇరవై వేలు దాటి పలికిన వార్తలు మీరూ చదివే ఉంటారు. ఇప్పుడు చెప్పండి, అంత ఖరీదు పెట్టి కొన్న చేపని ఏ హోటలాయన మీకు ప్లేటు మూడొందలకి వడ్డిస్తాడు? ఒడిశా నుంచి, బెంగాలు నుంచి ఐసులో వచ్చిన ఇలసకి మన పులుసు పోస్తే అది పులస అయిపోదు. వేషం వేసినంత మాత్రాన ప్రతివాడూ ఎస్వీ రంగారావు కాడు గదా! నిజమైన పులసని మట్టి దాకలో, కట్టెల పొయ్యి మీద, సన్నని సెగన పులుసు పెట్టి, ఆ రాత్రికి అలా వదిలేసి మర్నాడు తినాలి. హోటలుకి మర్నాటి దాకా ఆగే ఓపిక ఎక్కడిది? కాబట్టి పర్యాటక మిత్రులారా, మీ డబ్బు జాగ్రత్త. అదే డబ్బుకి బొమ్మిడాయిల పులుసు తినండి, ఎవరూ మిమ్మల్ని మోసం చెయ్యరు, ఎందుకంటే బొమ్మిడాయిని పెద్ద స్టార్‌గా ఎవరూ చూడరు. సైడు వేషాలు వేస్తూనే సినిమా మోసేసే నటుడు అది.

ఇందాక ఆపిన మాటకొస్తాను. వండేవాళ్ళు ఎక్కడున్నారు?

కువైట్‌లో ఉన్నారు. మస్కట్‌లో, దుబాయిలో, దోహాలో ఉన్నారు. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి... మా వైపు ఏ వీధిలో అయినా ఓ నాలుగు తలుపులు తట్టి చూడండి. ఆడకూతుళ్ళు వెళ్ళి అక్కడి ఇళ్ళల్లో వండుతున్నారు, పిల్లల్ని సాకుతున్నారు. మా అమ్మ కూడా.

1996 నవంబరులో వచ్చిన తుఫాను కోనసీమని ఎలా తుడిచిపెట్టిందో మా వయసు వాళ్ళకి పెద్దగా గుర్తుండదు గానీ, మా నాన్నకి బాగా గుర్తు. కౌలుకి తీసుకున్న కొబ్బరితోట ఒక్క రాత్రిలో నేల మీద పడుకుంది. వరి అయితే మళ్ళీ ఏడాదికి వస్తుంది. కొబ్బరిచెట్టు కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది, అప్పుకి వడ్డీ మాత్రం ఆగదు. ఏడేళ్ళు ఈడ్చి, ఈడ్చి, 2003లో నేను తొమ్మిదో తరగతిలో ఉండగా అమ్మ కువైట్ విమానం ఎక్కింది. ఎవరింట్లోనో వంటపనికి. ఇంట్లో మిగిలింది నాన్న, నేను. నాన్నకి అన్నం వార్చడం వచ్చు, అంతే. మొదటి వారం పచ్చడి మెతుకులు తిన్నాం. రెండో వారం నాన్న నా చేతికి నాలుగు గిన్నెల క్యారేజీ ఇచ్చి సెంటర్లో ఒక హోటలుకి పంపాడు.

ఆ హోటలు పేరు అడక్కండి. దాచడం కాదు, దానికి బోర్డే లేదు! రేకుల షెడ్డు, నాలుగు బల్లలు, వెనక పొయ్యి. నడిపేది ఒకావిడ. అందరూ పిన్నిగారంటారు, నేనూ అంతే. భర్త పోయాక మొదలుపెట్టిందట. ఖాతా పుస్తకంలో మా పేరున ఒక పేజీ తెరిచింది. కువైట్ నుంచి డబ్బు వచ్చిన నాడు నాన్న వెళ్ళి కట్టేవాడు, ఒక నెల రాకపోతే ఆ పేజీ తిప్పి తర్వాతి పేజీ మీద రాసుకునేది, అంతే తప్ప క్యారేజీ ఆపలేదు. క్యారేజీ కింద గిన్నెలో అన్నం, దాని మీద పప్పు, కూర, పై గిన్నెలో పులుసో చారో. పరీక్షల రోజుల్లో పై గిన్నెలో చెప్పకుండా ఒక ఉడికించిన గుడ్డు ఉండేది. లెక్క పుస్తకంలో ఆ గుడ్డు ఎప్పుడూ కనబడలేదు.

"ఏం బాబూ, క్యారేజీ తేలేదేంటి ఇయ్యాల?"

"నాన్న ఊరెళ్ళారండి పిన్నిగారూ, ఇక్కడే తినేత్తాను."

"ఆయ్, కూర్చో మరి. కాళ్ళు కడుక్కో ముందు."

డిగ్రీ అయ్యే దాకా, అయ్యాక కూడా, ఇలా నడిచింది. 2020లో కరోనా వేళ అమ్మ వెనక్కి వచ్చేసింది. పదిహేడేళ్ళలో రెండేళ్ళకోసారి నెలరోజులు వచ్చి వెళ్ళిన మనిషి, ఇక వెళ్ళనని వచ్చింది. వాయిదాలన్నీ తీరిపోయాయి. అమ్మ వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించింది. ఆ పూట తిన్న అన్నం గురించి గొప్పగా రాయాలని మీరు ఎదురుచూస్తూ ఉంటారు. నిజం చెప్పాలంటే, అమ్మ చేతికి కారం తగ్గిపోయింది. పదిహేడేళ్ళు కారం తినని వాళ్ళకి వండిన చెయ్యి. బియ్యంలో దాల్చిన చెక్క, లవంగం, ఎండునిమ్మకాయ వేసి మచ్‌బూస్ అని వాళ్ళ వంటకం ఒకటి చేసింది, అది మాత్రం అద్భుతం. వంకాయ కూర మాత్రం చప్పగా ఉంది. నేను ఏమీ అనలేదు. నాన్న కూడా అనలేదు. ఆవకాయ సీసా ఇద్దరి మధ్యకీ జరిగింది. అమ్మ ఆ సీసాని చూసింది.

హోటళ్ళు మళ్ళీ తెరిచాక ఒకరోజు అమ్మే అడిగింది, ఆవిణ్ణి చూడాలని. తీసుకెళ్ళాను. మధ్యాహ్నం రద్దీ తగ్గాక, మూడు గంటల వేళ. ఇద్దరూ ఒకరినొకరు అప్పుడే మొదటిసారి దగ్గరగా చూసుకోవడం. పిన్నిగారు గబగబా బల్ల తుడిచి ఆకు వేసింది. ఆ పూట చేపల పులుసు. అమ్మ ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని, వంటమనిషి కదా, ఉండబట్టలేక అనేసింది.

"పులుసులో చింతపండు ఓ రవ్వ ముందుందండి చెల్లెమ్మగారూ."

"మీ అబ్బాయికి అలాగే ఇష్టం అక్కగారూ."

అమ్మ చెయ్యి ఆకు మీదే ఆగిపోయింది. నేను మంచినీళ్ళ గ్లాసు వెతుక్కున్నాను. కాసేపటికి అమ్మ తలెత్తి, చాలా మామూలుగా, "ఇంకేం ఇష్టమండి?" అంది.

పిన్నిగారు గుంజకి ఆనుకుని వరసగా చెప్పుకుపోయింది. వంకాయ ముదిరితే పక్కకి తోసేస్తాడు. చారులో ఇంగువ పడదు. పెరుగన్నంలో ఉప్పు వేసుకోడు. దోసకాయ పప్పయితే రెండోసారి అడుగుతాడు, అడగడానికి మొహమాటపడితే గరిటె వైపు చూస్తాడు. పెళ్ళిచూపులకెళ్ళినవాళ్ళు పిల్లాడి గురించి ఆరా తీసినట్టు అమ్మ ఒక్కొక్కటే అడుగుతోంది. ఆవిడ చెబుతోంది. నేనక్కడ లేనట్టే ఇద్దరూ మాట్లాడుకున్నారు. చివర్లో అమ్మ పర్సు తీసింది. పిన్నిగారు "చుట్టానికి బిల్లేంటండి" అంది. అమ్మ బలవంతంగా పెట్టింది. "చుట్టానికి వద్దు, హోటలుకి తీసుకోండి. నేనూ డబ్బులు తీసుకుని వండినదాన్నే," అంది. పిన్నిగారు ఇంకేమీ అనకుండా తీసుకుని, లెక్కపెట్టి, పది రూపాయల చిల్లర తిరిగిచ్చింది.

2012లో మలయాళంలో 'ఉస్తాద్ హోటల్' అని ఒక సినిమా వచ్చింది. కోళికోడ్‌లో ఒక తాత నడిపే చిన్న హోటలు, దాన్ని నిలబెట్టే మనవడు. చూసి కళ్ళు తుడుచుకున్నాం. మద్రాసులో వుడ్‌లాండ్స్ డ్రైవ్-ఇన్ 1962 నుంచి 2008 దాకా ఎంతమంది సినిమావాళ్ళకి కాఫీ పోసిందో, మూసేసినప్పుడు ఎన్ని వ్యాసాలు వచ్చాయో! మా బోర్డు లేని హోటలుకి ఎవరూ వ్యాసం రాయరు. పిన్నిగారికి అరవై దాటింది. మోకాళ్ళ నొప్పులు. కూతురు మస్కట్‌లో ఉంది, వచ్చెయ్యమ్మా, మా ఇంటి పని చూసుకుందువు గాని అంటోందిట. స్థలం యజమాని షట్టర్లు కట్టిస్తానంటున్నాడు. సెల్‌ఫోను పట్టుకుని 'సూపర్ టేస్ట్ గాయ్స్' అని వీడియోలు తీసే కుర్రాళ్ళు ఒకరిద్దరు వచ్చి అడిగారు. ఆవిడ వద్దంది. "వందమంది వొత్తే ఎవరు వండుతారు బాబూ? ఇరవైమందికే చేతులున్నాయి నాకు," అంది. అందుకనే ఏ సందులో ఉందో నేనూ రాయడం లేదు. తాటిపాక సెంటర్లో దిగి, మూడు హోటళ్ళు తిరిగి, చారు పోయించుకుని చూడండి. దొరికితే మీ అదృష్టం.

వచ్చే సంక్రాంతి దాకా చూస్తానంది. ఆ తర్వాత సంగతి తెలీదు. ఈలోగా గురువారం గురువారం, చెట్టు చిగురేసినన్నాళ్ళూ, చింతచిగురులో ఎండురొయ్యలు వండుతుంది. అమ్మ చేతికి కారం మళ్ళీ బాగానే వచ్చింది, ఇంట్లోనే తింటున్నాను. గురువారం మాత్రం బండి తీస్తుంటే లోపల్నుంచి కేకేస్తుంది, నాకూ ఒక పార్సిలు పట్రా, పులుపు తగ్గించమని చెప్పకు అని.